కోఠి ప్రాంతంలో విద్యార్థి చర్చా గోష్ఠులు

మన అధ్యక్ష మండల శతవార్షికోత్సవ సంచికకు ఒక వ్యాసం వ్రాయవలసిందని సంపాదక వర్గంవారు నన్ను కోరినప్పుడు, ఏ విషయం తీసుకోవాలా అని కొంతకాలం ఆలోచించాను. దేవాలయాల నిర్మాణాన్ని గురించి, మిషనరీల త్యాగాన్ని గురించి, పాఠశాలలను, ఆసుపత్రులను గురించి నాకంటె బాగా తెలిసిన పెద్దలు మనలో అనేకులున్నారు. వారు వ్రాయనే వ్రాస్తారు. రాయీ సున్నమూ లేని ఒక కట్టడాన్ని గురించి నేను నాలుగు మాటలు వ్రాయదలచాను. అది విద్యార్థుల చర్చా గోష్ఠి. పదిపదిహేనుమంది విద్యార్థులు వారానికొకసారి ఒక బల్ల చుట్టూ కూర్చుని, సమాజంలోని న్యాయాన్యాయాలను గురించి మాట్లాడుకొనే చిన్న కూటం. దానికి శంకుస్థాపన ఫలకం ఉండదు, ప్రారంభోత్సవం నాటి ఫోటో ఉండదు. అందుచేత దాని చరిత్ర త్వరగా మరుగున పడిపోతుంది.

కోఠి, నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ పేటల మధ్య నేను మొదట విద్యార్థిగా, తరువాత సంఘ కాపరిగా చాలా సంవత్సరాలు తిరిగాను. ఇటువంటి గోష్ఠులకు ఈ పేటలలో నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉన్నదని పుస్తకాల వల్ల, పెద్దల వల్ల తెలుసుకొన్నాను. ఆ చరిత్రను, అందులో మేము వేసిన చిన్న అడుగును, ఆ అడుగులో నేను చేసిన ఒక పొరపాటును చదువరుల ముందుంచుతున్నాను.

రెసిడెన్సీ నీడలో

కోఠి అంటే పెద్ద భవనం. పందొమ్మిదవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో కిర్క్‌పాట్రిక్ దొర కట్టించిన బ్రిటిషు రెసిడెన్సీ భవనాన్ని బట్టి ఈ పేటకు ఆ పేరు వచ్చింది. ఆ భవనం చుట్టూ వెలసిన రెసిడెన్సీ బజార్లు నిజాము పోలీసుల క్రింద గాక రెసిడెంటు అధికారం క్రింద ఉండేవి. 1933లోగాని అవి తిరిగి నిజాం ప్రభుత్వం చేతికి రాలేదు. సభ పెట్టుకోవాలంటే ముందుగా సర్కారు అనుమతి కావాలని శాసించిన గస్తీ నిషాన్ 53 వంటి ఉత్తర్వులున్న ఆ రాజ్యంలో, ఈ బజార్లలో నలుగురు కూర్చుని మాట్లాడుకొనడానికి కొంత వెసులుబాటు ఉండేది. కోఠిలో గ్రంథాలయాలు, సంఘాలు, సమాజాలు ఇంత దట్టంగా పుట్టడానికి ఇదొక ముఖ్య కారణం.

1901 సెప్టెంబరు 1వ తేదీన రావిచెట్టు రంగారావుగారి ఇంట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసింది. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, మునగాల రాజా నాయని వేంకట రంగారావుగారు దానికి పెట్టని కోటగా నిలిచారు. పుస్తకాలు చదువుకొనే చోటే మాట్లాడుకొనే చోటు కూడా అయింది. నేటికీ సుల్తాన్ బజారులో ఆ సంస్థను మనం చూడవచ్చు.

ఆ రోజులలోనే మాదరి భాగయ్య అనే దళిత యువకుడు ఈ నగరంలో పని మొదలుపెట్టాడు. సికింద్రాబాదులో ఒక రోమన్ కతోలిక కుటుంబంలో పనికి చేరి, వారి ప్రోత్సాహంతో చదువు మీద మనసు నిలిపాడు. ఆయనే తరువాత భాగ్యరెడ్డి వర్మగా ప్రసిద్ధికెక్కారు. 1906లో ఆయన జగన్మిత్ర మండలిని స్థాపించి, హరికథలతో, భజనలతో తన వారిని ఒకచోట కూర్చోబెట్టారు. 1910లో మన కోఠి ప్రక్కనే ఉన్న ఇసామియా బజారులోను, లింగంపల్లిలోను బడులు తెరిచారు. 1911లో మన్యసంఘం ఏర్పడింది. 1917లో బెజవాడలో పంచమ మహాసభ పేరుతో ఒక సభ జరిగింది. దాని అధ్యక్షుడు ఆయనే. మమ్ములను పంచములనడమేమిటి, మేము ఈ నేల మొదటి బిడ్డలము అని అక్కడ వాదించి, ఆది ఆంధ్ర అనే పేరును నిలిపారు. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. సభ ఎవరి మేలు కోరి పెట్టబడిందో వారు మాట్లాడడం మొదలుపెట్టగానే, మొట్టమొదట సభ పేరే మారిపోయింది!

1921 నవంబరులో కోఠి దగ్గరి వివేకవర్ధినిలో నిజాం రాష్ట్ర సంఘ సంస్కార సభ జరిగింది. మహర్షి కార్వేగారు అధ్యక్షులు. సంస్కరణ కోరిన విద్యావంతులే అక్కడ కూడినవారు. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసాలను సభ్యులు శ్రద్ధగా విన్నారు. ఆలంపల్లి వేంకట రామారావుగారు లేచి తెలుగులో మాట్లాడబోయేసరికి నవ్వులు, చప్పట్లు, గోల మొదలైనాయి. ఆ అవమానం భరించలేక, ఆ రాత్రే కొద్దిమంది తెలుగువారు టేకుమాల రంగారావుగారి ఇంట సమావేశమై ఆంధ్ర జనసంఘానికి పునాది వేశారు. అది క్రమంగా పెరిగి, 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన ఆంధ్ర మహాసభగా కూడింది. ఆ ఉద్యమ పెద్దలలో ఒకరైన మాడపాటి హనుమంతరావుగారు 1928లో నారాయణగూడలో తెలుగు బాలికల కోసం పాఠశాల స్థాపించారు. ఇంత పెద్ద చెట్టుకు విత్తనం, సంస్కారుల సభలోనే ఒక మనిషిని మాట్లాడనీయకపోవడం!

విద్యార్థుల వంతు

1938లో ఉస్మానియా విద్యార్థులు హాస్టళ్లలో వందేమాతరం పాడినందుకు బహిష్కరింపబడ్డారు. వారిలో అనేకులకు నాగపూరు విశ్వవిద్యాలయం చోటిచ్చింది. పి.వి. నరసింహారావుగారు వారిలో ఒకరు. ఆ మరుసటి సంవత్సరమే కామ్రేడ్స్ అసోసియేషన్ అనే యువకుల బృందం నగరంలో ఏర్పడింది. సిటీ కాలేజీ అధ్యాపకుడు, కవి మఖ్దూం మొహియుద్దీన్, వైద్య విద్యార్థి రాజ్ బహదూర్ గౌర్ మొదలైనవారు అందులో ఉండేవారు. హిందువులు, ముస్లిములు కలిసి కూర్చుని చదువుకొని, వాదించుకొన్న బృందమది. ఆ చర్చల నుండే హైదరాబాదు కార్మికోద్యమ నాయకులనేకులు తయారైనారు.

1972 ఏప్రిల్ 14వ తేదీన ఉస్మానియా ప్రాంగణంలో జార్జిరెడ్డి హత్య జరిగింది. అప్పటికి ఆయన వయస్సు ఇరవై అయిదు. నిజాం కాలేజీలో చదివి, భౌతికశాస్త్రంలో పేరు తెచ్చుకొన్న విద్యార్థి. ఆయన చుట్టూ చేరిన విద్యార్థుల నుండే ప్రగతిశీల ప్రజాస్వామ్య విద్యార్థి సంఘం పుట్టింది. వారి మార్గంలో మనకు అంగీకారం కానివి ఉండవచ్చు. అయినా చదువుకొన్నవాడు పేదవాని ప్రక్కన నిలబడాలని ఆ తరం నమ్మిందన్న మాట మాత్రం ఎవరూ కాదనలేరు.

ఆ గోష్ఠులలో కూడా ఆడపిల్లల మాట వెనుక వరుసలోనే ఉండిపోయింది. 1974లో విద్యార్థినులు ప్రగతిశీల మహిళా సంఘంగా ఏర్పడి వరకట్నాన్ని, వీధులలో వేధింపులను ప్రశ్నించారు. 1978లో నారాయణగూడకు సమీపంలోనే ఉన్న నల్లకుంట పోలీసు స్టేషనులో ఒక పేద ముస్లిం స్త్రీపై జరిగిన అత్యాచారం, ఆమె భర్త మరణం నగరాన్ని కుదిపివేశాయి. ఆ సంవత్సరమే స్త్రీశక్తి సంఘటన ఏర్పడింది. ఆ బృందంవారు తెలంగాణా సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను కలిసి, వారి నోటి మాటలను వ్రాసుకొని, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ అనే గ్రంథం తెచ్చారు. ప్రాణాలకు తెగించి పనిచేసిన స్త్రీల పేర్లు అంతకుముందు వచ్చిన చరిత్రలలో చాలా వరకు లేవు మరి.

క్రైస్తవ విద్యార్థి ఉద్యమం

ఈ విషయంలో మన సంఘానికీ ఒక వారసత్వమున్నది. 1895లో స్వీడను దేశంలో జాన్ ఆర్. మాట్ మొదలైనవారు ప్రపంచ క్రైస్తవ విద్యార్థి సమాఖ్యను స్థాపించారు. మన దేశంలో 1912లో విద్యార్థి క్రైస్తవ ఉద్యమం ఆరంభమైంది. ఆ సంవత్సరమే దోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్యగారు అంతకు ముందు వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా యువకుల మధ్య పనిచేసినవారు. 1910లో ఎడింబరో మహాసభలో మిషనరీల ముఖం మీదనే, మాకు దాతలకంటె స్నేహితులు కావాలని ఆయన చెప్పగలిగారంటే, ఆ ధైర్యంలో యువకుల గోష్ఠులలో గడిపిన సంవత్సరాలకు కూడా పాలున్నదని నేననుకొంటాను. తరువాతి తరంలో ఎం.ఎం. థామస్ గారు విద్యార్థి ఉద్యమం నుండే ఎదిగి ప్రపంచ సంఘాల మండలి కేంద్ర కమిటీకి అధ్యక్షులైనారు. కతోలిక సోదరులలో బెల్జియం గురువు కార్డిన్ నేర్పిన పద్ధతి ఒకటున్నది. మొదట చూడు, తరువాత విచారించు, ఆ తరువాత పని చెయ్యి అన్నది దాని సారం.

1964లో రాజమండ్రిలో ఏర్పడి, తరువాతి దశాబ్దంలో హైదరాబాదు గాంధీనగరుకు తరలివచ్చిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలలో నేను చదివే రోజులలో ఇవన్నీ పాఠాలుగా విన్నాను. సాయంత్రాలు నడుచుకొంటూ అశోక్‌నగర్ మీదుగా చిక్కడపల్లి గ్రంథాలయానికి పోయేవాడిని. ఉద్యోగ పరీక్షలకు చదివే పల్లెటూరి పిల్లలు ఆ చెట్ల క్రింద, మెట్ల మీద కూర్చుని చదువుకొంటూ ఉండేవారు. వారికీ మన సంఘానికీ మధ్య రోడ్డొక్కటే అడ్డం, అయినా పరిచయం లేదు కదా అనిపించేది.

మా శుక్రవారపు గోష్ఠి

2010 జూలైలో, నేను సహాయ కాపరిగా ఉన్న ఒక సంఘంలో, సండేస్కూలు గదిలో మా గోష్ఠి మొదలైంది. శుక్రవారం సాయంత్రం ఆరున్నర గంటలు. మొదటి వారం ఏడుగురు వచ్చారు. కారంచేడు ఘటన జరిగి ఆ నెల 17వ తేదీకి ఇరవై అయిదు సంవత్సరాలు నిండాయి గనుక దానితోనే ప్రారంభించాం. తరువాత చుండూరు, వరకట్నం, హాస్టళ్లలో భోజనం, ఫీజులు, తెలంగాణా ప్రశ్న, ఇలా వారానికొకటి. పుస్తకాలకు కోఠిలోని పాత పుస్తకాల దుకాణాలే మాకు దిక్కు.

రాజకీయాలను గుడిలోకి తెస్తున్నారని కమిటీలో కొందరు పెద్దలు అభ్యంతరం చెప్పారు. వారిలో ఒక పెద్దాయన ఒకసారి వచ్చి చివరిదాకా కూర్చుని, “ఇదంతా ఆమోసు ప్రవక్త అడిగిన ప్రశ్నలే గదయ్యా” అని లేచి వెళ్లారు. తరువాత ఎవరూ అడ్డు చెప్పలేదు.

పారిశుధ్య పని విషయం వచ్చినప్పుడు, మాటలతో సరిపెట్టక, ఒక శనివారం తెల్లవారుజామున నాలుగున్నరకు తొమ్మండుగురం కోఠి బస్టాండుకు వెళ్లాం. మనుషుల చేత మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో చట్టం వచ్చిందని మేము చదువుకొని వెళ్లాం. రోడ్లు ఊడ్చే అక్కలు మాకు చెప్పింది వేరు. “చట్టం సంగతి తరువాత అన్నా, ముందు మాకు కాలకృత్యాలకు పోయే చోటు చూపించు” అన్నారు. ఎన్నో వారాల చర్చలో ఆ మాట మాలో ఒక్కరికీ తట్టలేదు. మా పిల్లలు బ్యాంక్ స్ట్రీటు వైపు ఒక్కొక్క దుకాణం ఎక్కి దిగితే, చివరకు ఒక హోటలు యజమాని తన మరుగుదొడ్డి వాడుకోనిచ్చాడు. మేము సాధించింది అంతే. కాని ఆ తరువాత మా గదిలో మాట్లాడే తీరు మారింది.

సంతకాల పుస్తకం

ఇప్పుడు నా పొరపాటు చెప్పాలి.

మా గోష్ఠికి ఒక పొడుగు నోటుబుక్కు ఉండేది. ఆ వారం విషయం, ముఖ్యాంశాలు, హాజరైన వారి సంతకాలు అందులో ఉండేవి. నేను దానిని గర్వంగా చూసుకొనేవాడిని. మన మిషనరీలు రికార్డులు వ్రాయబట్టే గదా ఈనాడు మనకు చరిత్ర మిగిలింది అని అందరికీ చెప్పేవాడిని.

2012 ఆగస్టు 10, శుక్రవారం. 1950లో అదే తేదీన వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ఆనాటి విషయం. షెడ్యూల్డు కులాల జాబితాను హిందువులకు పరిమితం చేసిన ఉత్తర్వు అది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చారు. క్రైస్తవులకు, ముస్లిములకు అది విస్తరించలేదు. దళితుడు క్రీస్తును నమ్మితే మన రాష్ట్రంలో వెనుకబడిన తరగతుల ‘సి’ వర్గంలోకి వస్తాడు. గ్రామంలో అతని ఇల్లు మారదు, బావి మారదు, అతనిని పిలిచే పిలుపు మారదు. సర్టిఫికెట్టు మాత్రం మారుతుంది. మతంతో నిమిత్తం లేకుండా ఆ హోదా ఉండాలని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ సిఫారసు చేసింది. ఇదంతా నేను నల్లబల్ల మీద వ్రాసి చెప్పాను.

చర్చ ముగిసి పుస్తకం చేతులు మారుతున్నది. నల్లగొండ వైపు పల్లె నుండి వచ్చి, చిక్కడపల్లిలో గది తీసుకొని చదువుకొంటున్న ఒక డిగ్రీ విద్యార్థి, సంతకం చేయకుండా పుస్తకాన్ని ప్రక్కవానికి అందించాడు. అతడు మూడు నెలలుగా వస్తున్నాడు. మాట్లాడింది తక్కువ. నేను చూసి, ఎందుకు పెట్టలేదని అడిగాను.

“వద్దు అయ్యగారూ,” అన్నాడు.

“వచ్చి కూర్చున్నవాడివి సంతకానికి భయమెందుకు బాబూ? నమ్మినవాడు పేరు దాచుకొంటాడా?” అన్నాను. నేను కొంచెం హాస్యంగానే అన్నాను. ఇద్దరు ముగ్గురు నవ్వారు. అతడు తల వంచుకొని పుస్తకం వెనక్కు తీసుకొని సంతకం చేశాడు. మరుసటి శుక్రవారం రాలేదు. ఆ తరువాత ఎన్నడూ రాలేదు.

నెల దినాల తరువాత అతని స్నేహితుడు నాకు అసలు సంగతి చెప్పాడు. వాళ్ల నాన్న రిజర్వుడు స్థానం నుండి వార్డు సభ్యుడుగా గెలిచాడట. ఓడినవాళ్లు, ఈయన క్రైస్తవుడని పై అధికారులకు అర్జీ పెట్టుకొన్నారట. విచారణ నడుస్తున్నది. గుడి పుస్తకంలో ఆ ఇంటి పేరు ఎక్కడ కనబడినా అది సాక్ష్యమవుతుంది. ఆ సంతకం విలువ అతనికి ఒక కుటుంబపు బ్రతుకు. నేనేమో ఆ ఉత్తర్వు అన్యాయమని గంటసేపు బోధించి, ఆ అన్యాయం క్రింద నలుగుతున్నవాడిని నలుగురిలో నవ్వులపాలు చేశాను.

మా తాతగారు మిషను బడిలో ఉపాధ్యాయుడు. మా నాన్నగారికి మిషను ఆసుపత్రిలో ఉద్యోగం. కులం సర్టిఫికెట్టు కోసం తహశీలుదారు కచేరీ మెట్లు ఎక్కే అవసరం మా ఇంట ఎవరికీ పడలేదు. ధైర్యాన్ని గురించి మాట్లాడడం నాకు తేలిక. అంతకు కొన్ని వారాల ముందే ఆలంపల్లి వారి కథను ఆ గదిలోనే చెప్పి, చదువుకొన్నవారు ఎంత మూర్ఖంగా నవ్వారో చూడండి అన్నవాడిని నేనే. ఆ గది వెదుక్కొంటూ పోయాను. ఖాళీ చేశారన్నారు.

సంతకాల పేజీలు చించివేశాం. ఆ తరువాత పుస్తకంలో విషయం వ్రాశాం, తేదీ వ్రాశాం, ఎంతమంది వచ్చారో అంకె వేశాం. పేర్లు వ్రాయలేదు.

2015లో కోఠిలో పాత పుస్తకాల దుకాణం దగ్గర అతడు నాకు ఎదురుపడ్డాడు. నమస్కారం పెట్టాడు. క్షమించమని అడిగాను. ఫరవాలేదన్నాడు. “గోష్ఠి ఇంకా నడుస్తున్నదా అయ్యగారూ?” అని అడిగాడు. నడుస్తున్నదన్నాను. “ఇప్పుడు సంతకాలు తీసుకొంటున్నారా?” అన్నాడు. లేదన్నాను. నవ్వాడు. కాని రాలేదు. ఇప్పుడతడు ఎక్కడ ఏమి చేస్తున్నాడో నాకు తెలుసు. అది ఇక్కడ వ్రాయను.

కొన్ని సూచనలు

యౌవనస్థుల మధ్య ఇటువంటి పని చేయగోరే సోదర కాపరులకు, ఉపాధ్యాయులకు నా అనుభవం మీద కొన్ని మాటలు చెప్పగలను.

మొదటిది, భాష. ఇంగ్లీషు వచ్చిన పిల్లలు ఒక గంటలో గోష్ఠిని స్వాధీనం చేసుకొంటారు. తప్పు వారిది కాదు, అలవాటుది. అందుచేత తెలుగులో మొదలుపెట్టి, ఆఖరున వచ్చి చేరినవారికి మొదట మాట్లాడే అవకాశమివ్వాలి. రెండవది, ఒక సంఘటనను తీసుకోవాలి గాని సిద్ధాంతాన్ని కాదు. సిద్ధాంతం సంఘటన వెంట దానంతటదే వస్తుంది. మూడవది, ఎవరిని గురించి మాట్లాడుతున్నామో వారి దగ్గరకు పోయి వినాలి. వీలైతే మాట్లాడక ముందే పోవాలి. నాల్గవది, నెలకొక చిన్న పని పెట్టుకోవాలి. లేకపోతే మాటకు ఉప్పు తగ్గుతుంది. అయిదవది, అన్నిటికంటె ముఖ్యమైనది: ఈ గదిలో కూర్చోవడం వల్ల ఎవరికి ఏమి నష్టం కలుగుతుందో నడిపేవాడు ముందుగా తెలుసుకోవాలి. మాట్లాడకుండా కూర్చున్నవాని మౌనానికి కారణం ఉంటుంది. అతడు చెప్పేదాకా ఆగాలి. చెప్పకపోతే గౌరవించాలి.

ముగింపు

2019లో నాకు బదిలీ అయింది. తరువాత వచ్చిన అయ్యగారు గోష్ఠిని కొనసాగించారు. 2020 మార్చిలో కోవిడ్‌తో అది నిలిచిపోయింది. ఇప్పుడు పాత సభ్యులు కొందరు అశోక్‌నగర్‌లో ఒక హాస్టలు మేడ మీద తామే నడుపుకొంటున్నారు. 2022లో కేంద్ర ప్రభుత్వం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ గారి కమిషన్ వేసినప్పుడు వారు మళ్లీ ఆ 1950 ఉత్తర్వును చర్చించారట. 2024 అక్టోబరులో గ్రూప్-1 అభ్యర్థులు అశోక్‌నగర్ వీధులలో ఆందోళనకు దిగినప్పుడు, రిజర్వేషను జీవోలను రెండు ప్రక్కల వారినీ కూర్చోబెట్టి చదివారట. ఏ కాపరీ లేకుండా వారు ఆ పని చేయగలగడం ముదావహం.

వివేకవర్ధినిలో నవ్విన విద్యావంతులు దుర్మార్గులేమీ కారు, సంస్కారులు. నేనూ ఆ రోజు మంచి పని చేస్తున్నాననే అనుకొన్నాను. న్యాయాన్ని గురించి చర్చించే బల్ల దగ్గర కూడా అన్యాయం జరుగుతుందని, మరియొక బల్ల పుట్టడానికి ఆ అన్యాయమే కారణమౌతుందని కోఠి చరిత్ర నాకు నేర్పింది.

ఈ శతవార్షిక సంచికలో మన బిషప్పుల ఫోటోలుంటాయి, కాపరుల పేర్లుంటాయి, కమిటీ సభ్యుల జాబితాలుంటాయి. ఉండవలసినవే. కాని ఈ నూరేళ్లలో మన మధ్య కూర్చుని, పాడి, ప్రార్థించి, ఏ రిజిస్టరులోను పేరు వ్రాయించుకోలేకపోయినవారు వేలమంది ఉన్నారు. వారిని కూడా మన సంఘ చరిత్రలో లెక్కించుకోవాలని, వచ్చే నూరేళ్లలో అట్టివారు నిర్భయంగా సంతకం చేయగల రోజు రావాలని ప్రార్థిస్తూ, అంతవరకు వారి కోసం పుస్తకంలో ఒక గీత ఖాళీగా ఉంచుదామని మనవి చేస్తూ సెలవు తీసుకొంటున్నాను.